పేరు చెప్పే ఫోటో

ఈ పూట నేను మాట్లాడబోయేది ఫోటోల గురించి. రేడియోలో ఫోటోలేమిటని నవ్వుకోకండి. సాలీళ్లనూ పురుగులనూ అడవిలోనో పొలంలోనో పెరట్లోనో ఫోటో తీసి వాటి పేరు తెలుసుకోవడం ఎలా అన్నది ఇవాళ్టి విషయం. అందమైన ఫోటో వేరు, పేరు చెప్పే ఫోటో వేరు. రెండూ ఒకటే అయిన రోజు అదృష్టమే గానీ చాలాసార్లు అలా కుదరదు.

కరివేపాకు మొక్క మీద ఏదో పాకుతూ కనిపిస్తుంది. జేబులోంచి ఫోన్ తీసి, నిలబడ్డ చోటి నుంచే ఒక ఫోటో కొట్టి, తెలిసినవాళ్లకు పంపి "ఇదేం పురుగండీ?" అని అడుగుతాం. అవతలి మనిషి ఎంత పండితుడైనా ఆ ఒక్క ఫోటో చూసి చెప్పగలిగేది తక్కువ. వీపు కనిపిస్తోంది, మొహం కనిపించడం లేదు. కాళ్లు ఆకు కింద ఉన్నాయి. ఎంత పెద్దదో తెలియదు. ఏ ఊళ్లో, ఏ నెలలో తీశారో తెలియదు. ఆయన మర్యాదకు "పెంకు పురుగులా ఉందండీ" అని ఊరుకుంటాడు. పేరు చెప్పే గుర్తు ఒక్కో జీవికి ఒక్కో చోట ఉంటుంది. కొన్నిటికి మొహం మీద, కొన్నిటికి తోక దగ్గర, కొన్నిటికి పొట్ట కింద. ఆ చోటేదో ముందుగా తెలిస్తే కెమెరాను అటు తిప్పుతాం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి వివరణ.

గుర్తు విలువ ఎంతటిదో తెలియాలంటే సికింద్రాబాద్ వెళ్లాలి, 1897కి. బ్రిటిష్ ఇండియాలో సైనిక వైద్యుడిగా ఉన్న రొనాల్డ్ రాస్ బేగంపేటలో కూర్చుని దోమలను కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తున్నాడు. మలేరియాకూ దోమకూ సంబంధం ఉందని ఆయనకు నమ్మకం. 1895 నుంచీ కోస్తూనే ఉన్నాడు, ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన కోస్తున్నవి మనుషుల మలేరియాతో సంబంధం లేని దోమలు. రాస్ కీటకశాస్త్రం చదువుకున్నవాడు కాదు. కంటికి ఎలా కనిపిస్తే అలా, బూడిదరంగువి, చారలవి, రెక్కల మీద మచ్చలున్నవి అని తనకు తానే పేర్లు పెట్టుకున్నాడు. చివరికి ఆగస్టు 20న ఆ మచ్చల రెక్కల దోమ కడుపు గోడలోనే ఆయన వెతుకుతున్న మలేరియా క్రిమి కనిపించింది. ఆ దోమ అనాఫిలిస్ అన్నది తర్వాత తేలింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. పేరు తెలియకపోయినా రాస్ గుర్తును వదల్లేదు.

అదే దోమ ఇప్పుడు మీ ఇంటి గోడ మీద వాలిందనుకోండి. ఎదురుగా నిలబడి తీస్తే ఒక నల్ల చుక్క వస్తుంది. ఫోన్‌ను గోడకు దాదాపు ఆనించి, పక్క నుంచి తీయాలి. చాలా రకాల అనాఫిలిస్ దోమలు తల కిందికి పెట్టి, వెనక భాగాన్ని పైకి లేపి, గోడకు ఏటవాలుగా కూర్చుంటాయి. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ గోడకు సమాంతరంగా కూర్చుంటుంది. డెంగీ దోమల దగ్గరికొస్తే మాత్రం పక్క ఫోటో చాలదు, వీపు కావాలి. కాళ్ల మీద తెల్ల పట్టీలు రెండు రకాలకూ ఉంటాయి. వీపు మీద రెండు పక్కలా వంపు తిరిగిన తెల్లగీతలుంటే ఏడిస్ ఈజిప్టై. నడిమధ్య ఒకే ఒక్క తెల్లగీత నిటారుగా ఉంటే ఏడిస్ ఆల్బోపిక్టస్. ఒకే ఇంట్లో, ఒకే గోడ మీద, ఒక దోమకు పక్క నుంచి, ఇంకో దోమకు పై నుంచి.

పొలాల్లో ఇంకా అక్కరకొచ్చే ఉదాహరణ కత్తెర పురుగు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ పురుగు మన దేశంలో మొదట 2018లో కర్ణాటక మొక్కజొన్న చేలలో కనిపించింది. ఆ ఏడాదే తెలుగు నేలకూ పాకింది. మొక్కజొన్న సుడిలో దూరి తినే గొంగళిపురుగులు ఇంకా ఉన్నాయి. మందు కొట్టాలా వద్దా, ఏది కొట్టాలి అన్నది పురుగు ఏదో తేలాకే. రైతులు పంపే ఫోటోల్లో ఎక్కువగా చిల్లులు పడ్డ ఆకూ, సుడి నిండా రెట్టా ఉంటాయి. అవీ పనికొస్తాయి. అసలు గుర్తులు మాత్రం రెండే చోట్ల ఉన్నాయి. తల మీద, ఎదురుగా చూస్తే, తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరంలా లేత రంగు గీత. తోక వైపు, చివరి నుంచి రెండో కణుపు మీద, చదరంగా అమరిన నాలుగు నల్ల చుక్కలు. కాబట్టి పురుగును సుడిలోంచి పుల్లతో బయటికి తీసి, తల ఒక ఫోటో, తోక ఒక ఫోటో. మరీ చిన్న పురుగులో ఈ గుర్తులు సరిగ్గా తేలవు, కాస్త ఎదిగినదాన్ని చూసుకోండి.

వంగతోటలో ఇంకో చిక్కుంది. గుండ్రంగా, మచ్చలతో ఉన్న చిన్న పెంకు పురుగు కనిపిస్తే కొందరు మిత్రపురుగు అంటారు, కొందరు నలిపేస్తారు. ఇద్దరూ ఒక్కోసారి ఒప్పే. పేనుబంకను తినే అక్షింతల పురుగు వీపు నున్నగా, మెరుస్తూ ఉంటుంది. వంగ ఆకును గీకి తినే ఎపిలాక్నా వీపు మీద సన్నని నూగు ఉండటంతో మెరుపు తగ్గి మసకగా కనిపిస్తుంది, దాని మీద 28 దాకా నల్ల చుక్కలు. ఇక్కడ ఫ్లాష్ వేసి కొడితే రెండూ మెరిసిపోతాయి, తేడా పోతుంది. నీడలో, ఫ్లాష్ లేకుండా, వాలుగా తీయాలి. పక్కనే ఈనెలు మిగిలి జల్లెడైన ఆకు ఉంటే దాన్నీ ఫోటోలోకి రానివ్వండి. పురుగు తిన్న తీరు కూడా సాక్ష్యమే.

ఇక సాలీళ్లు. నాకు ఇష్టమైన చోటు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. ప్రపంచంలో పేరు పెట్టిన సాలీడు జాతుల లెక్క 2022 ఏప్రిల్‌లో 50,000 దాటింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాల వాళ్లు ఆ పట్టికను నిర్వహిస్తారు. ఇన్ని జాతుల్లో మన ఫోటోలోది ఏదో ఎలా తేలుతుంది?

మొదట కాళ్లు లెక్కపెట్టాలి. ఇది చిన్నపిల్లల పాఠం అనుకోకండి. మామిడి చెట్ల మీద ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టుకునే ఎర్రచీమలు మీకు తెలుసు. అచ్చం వాటిలాగే ఉండి, వాటి మధ్యే తిరిగే గెంతుడు సాలీడు ఒకటుంది, మిర్మాప్లాటా అని. నడుము చీమ నడుమే, రంగు చీమ రంగే. ముందు కాళ్లు రెండూ గాల్లోకి ఎత్తి చీమ మీసాల్లా ఆడిస్తుంది. తల పక్కన కళ్లను పోలిన నల్లమచ్చలు కూడా ఉంటాయి. మీసాలనుకున్నవాటిని కూడా కలిపి లెక్కపెడితే ఎనిమిది కాళ్లు వస్తాయి, మీసాలు అసలుండవు. ఆకును తట్టి చూడండి. చీమ అయితే కరవడానికి వస్తుంది. సాలీడు అయితే సన్నని దారం వదిలి కిందికి వేలాడుతుంది. ఆ ఎనిమిది కాళ్లూ ఫోటోలో కనిపించేలా పక్క నుంచి తీసినప్పుడే చూసినవాళ్లు మన మాట నమ్ముతారు.

కాళ్ల తర్వాత కళ్లు. సాలీడు ఏ కుటుంబానికి చెందిందో చెప్పేది చాలావరకు కళ్ల అమరికే. ఎక్కువ సాలీళ్లకు ఎనిమిది కళ్లుంటాయి గానీ, అవి అమరిన తీరు మారుతుంది. గెంతుడు సాలీడుకు మొహం మీద ఒకే వరసలో నాలుగు కళ్లు, వాటిలో నడిమి రెండూ బాగా పెద్దవి. మిగతా నాలుగూ తల పక్కలకూ వెనక్కూ ఉంటాయి. నేల మీద పరుగెత్తే తోడేలు సాలీడుకు కింద వరసలో నాలుగు చిన్న కళ్లు, దాని మీద రెండు పెద్దవి, ఇంకాస్త పైన మరో రెండు. మొక్కల మీద, కాళ్ల నిండా ముళ్లతో కూర్చునే లింక్స్ సాలీడుకు కళ్లు ఆరు మూలల ఆకారంలో అమరి ఉంటాయి. మన ఇళ్లలో గోడ మీద క్యాలెండర్ వెనక నుంచి హఠాత్తుగా బయటపడి అందరినీ అరిపించే ఆ పెద్ద సాలీడుకు, హెటెరోపోడాకు, నాలుగేసి కళ్లు రెండు వరసల్లో ఉంటాయి. అది కాళ్లను పక్కలకు పరిచి ఎండ్రకాయలా కూర్చుంటుంది. పాపం దానికి ఎంత పెద్ద ఆకారమో అంత భయం. బొద్దింకలను తింటుంది, వదిలేయండి.

అందుకని సాలీడుకు మొదటి ఫోటో పై నుంచి తీసినా, రెండోది తప్పకుండా ఎదురుగా, దాని కంటి ఎత్తుకు వంగి తీయాలి. నేల మీది సాలీడయితే బోర్లా పడుకోవాల్సిందే. బట్టలు మాసిపోతాయని వెనకాడితే ఈ పని సాగదు.

మూడో ఫోటోను దాదాపు అందరూ మరిచిపోతారు. అది పొట్ట కింది భాగం. గుండ్రని గూడు అల్లే సాలీళ్లలో పొట్ట కింది రంగులు, గీతలు పైవాటికంటే ఎక్కువ చెబుతాయి. గూడు మధ్యలో తెల్ల దారంతో పెద్ద ఎక్స్ గుర్తు వేసి, దాని మీద కాళ్లు జోడించి కూర్చునే ఆర్జియోపీని మీరు చేల గట్ల మీద చూసే ఉంటారు. దాన్ని కదిలించనక్కర్లేదు, మనమే గూడు చుట్టూ తిరిగి అవతలికి వెళితే పొట్ట కనిపిస్తుంది. గూడు తెగకుండా చూసుకోవాలి, కష్టపడి అల్లుకున్నది. గూడు లేని సాలీళ్లయితే గాజు గ్లాసులోకి నెమ్మదిగా పాకనిచ్చి, కింది నుంచి ఫోటో తీసి, దొరికిన చోటే వదిలేయాలి.

ఆడదా మగదా అన్నది కూడా ఫోటోలో తేలాలి. సాలీడు మొహానికి రెండు పక్కలా చిన్న చేతుల్లాంటివి రెండు ఉంటాయి. ఎదిగిన మగదానికి వాటి చివరలు ఉబ్బి, బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కున్నట్టు ఉంటాయి. జాతిని కచ్చితంగా నిర్ణయించే నిర్మాణం అందులోనే ఉంటుంది. ఆడదానికయితే పొట్ట కింద, ముందు వైపున ఉండే భాగంలో. ఇవి సూక్ష్మదర్శిని కింద చూడాల్సినవి. అంటే చాలా సాలీళ్లకు ఎంత గొప్ప ఫోటో తీసినా జాతి పేరు రాదు, ప్రజాతి దగ్గరే ఆగుతుంది. ఇది ఫోటోగ్రాఫర్లకు రుచించదు. లక్ష రూపాయల లెన్స్ కొన్నాక పూర్తి పేరు రాకపోతే ఎలా అని అలుగుతారు. ఫోన్‌లోని యాప్ మాత్రం ఫోటో పెట్టగానే ధైర్యంగా జాతి పేరు చెప్పేస్తుంది. అది తన దగ్గరున్న ఫోటోలతో పోల్చి చెబుతోందే తప్ప పొట్ట కింద చూసి చెప్పడం లేదు. యూరప్‌లో మాత్రమే ఉండే సాలీడు పేరు చెప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు. సాలీళ్లు చదివినవాళ్లు "ప్రజాతి వరకే చెప్పగలను" అంటే, ఆ మాటకు యాప్ మాటకంటే విలువెక్కువ.

ఇక తీయడం. చిన్న జీవికి కెమెరా దగ్గరగా పెట్టినకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది. పురుగు సెన్సర్ మీద దాని అసలు పరిమాణంలోనే పడేటంత దగ్గరగా వెళితే, రంధ్రాన్ని ఎఫ్ 11 దాకా మూసినా స్పష్టంగా వచ్చేది ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు మందమే. ఇంకా మూస్తే కొంత పెరుగుతుంది గానీ, మరీ మూస్తే మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. కాబట్టి ఏది తేలాలో అది లెన్స్‌కు సమాంతరంగా ఉండాలి. సీతాకోకచిలుక రెక్కలు మూసుకుని ఉంటే సరిగ్గా పక్క నుంచి, పరుచుకుని ఉంటే సరిగ్గా పై నుంచి. ఏటవాలుగా తీస్తే కళాత్మకంగా ఉంటుంది, సగం రెక్క మసక. మొహం తీస్తే కళ్ల మీద ఫోకస్.

ఖరీదైన సరంజామా లేదని ఆగొద్దు. ఫోన్‌కు తగిలించే చిన్న మాక్రో లెన్స్ చాలు. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దాన్ని ఫోన్ లెన్స్ ముందు పట్టుకున్నా పని జరుగుతుంది. పాత 50 మిల్లీమీటర్ల లెన్స్ ఇంట్లో పడి ఉంటే, రింగు పెట్టి తిరగేసి బిగిస్తే మంచి మాక్రో లెన్స్ అవుతుంది. వెలుతురు మాత్రం మెత్తగా ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో పెంకు పురుగుల వీపు మీద తెల్లని మెరుపు తప్ప ఏమీ మిగలదు. తుమ్మ చెట్ల మీద దొరికే బంగారు పురుగును తీసి చూడండి, తెలుస్తుంది. ఫ్లాష్ వాడితే దాని ముందు ట్రేసింగ్ పేపరో తెల్లని పలచటి గుడ్డో పెట్టండి. పొద్దున్నే, ఒళ్లు వెచ్చబడక ముందు పురుగులు కదలవు. ఆ వేళ వదులుకోవద్దు. దగ్గరికి వెళ్లేటప్పుడు మన నీడ దాని మీద పడకూడదు. దూరం నుంచే ఒకటి తీసి పెట్టుకుని, ఆ తర్వాత ఒక్కో అడుగు వేయండి. ఎగిరిపోతే ఆ దూరపు ఫోటోయే మిగులుతుంది.

రాత్రి పూట టార్చిని నుదుటి దగ్గర, కంటి పక్కనే పట్టుకుని పచ్చిక మీద వెలుగు వేయండి. అక్కడక్కడ మంచు బిందువుల్లా మెరిసేవి తోడేలు సాలీళ్ల కళ్లు. దగ్గరికి వెళితే అదృష్టం కొద్దీ వెనక తెల్లని గుడ్ల సంచీ ఈడ్చుకుపోయే తల్లో, వీపు నిండా పిల్లలను మోసుకు తిరిగే తల్లో కనిపిస్తుంది.

పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లున్నారు. నాకది నచ్చదు. అలా తీసిన పురుగు కూర్చునే తీరు సహజంగా ఉండదు. ఇందాక చెప్పిన దోమ విషయంలో కూర్చునే తీరే కదా గుర్తు. రాయి కింద వెతికితే ఆ రాయిని ఎలా ఉందో అలా తిరిగి పెట్టండి. తెలియనిదాన్ని చేత్తో పట్టుకోవద్దు, గొంగళిపురుగుల నూగుతో సహా.

ఫోటోతో పాటు నాలుగు ముక్కలు రాసుకోవాలి. తేదీ, ఊరు, ఏ మొక్క మీద, సుమారు ఎంత పొడవు. మొక్క పేరు సగం పని చేసిపెడుతుంది. గన్నేరు ఆకులు తింటున్న పెద్ద పచ్చ గొంగళిపురుగుకు వెనక చిన్న కొమ్ము ఉంటే, గన్నేరు హాక్ మాత్ అని వెంటనే స్ఫురిస్తుంది. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచులున్న సీతాకోకచిలుక జిల్లేడు మీద గుడ్లు పెడుతోందంటే అది ప్లెయిన్ టైగర్. అచ్చం దాని వేషమే వేసే వేరే జాతి ఆడ సీతాకోకచిలుక ఉంది, డానయిడ్ ఎగ్‌ఫ్లై. అది జిల్లేడు మీద గుడ్లు పెట్టదు. రెక్కలు విప్పినప్పుడు వెనక రెక్క మీద చూడండి. ప్లెయిన్ టైగర్‌కు మూడు నాలుగు నల్ల చుక్కలు, ఎగ్‌ఫ్లైకి ఒకటే.

తేదీ ఎందుకంటే, కొన్ని జీవులకు కార్తె కూడా గుర్తే. ఆరుద్ర కార్తెలో తొలకరి వానలకు మెత్తని ఎర్ర మఖమలు ఒంటితో నేల మీద తిరిగే ఆరుద్ర పురుగును అందరూ పురుగే అనుకుంటారు. కాళ్లు లెక్కపెడితే ఎనిమిది, సాలీడుకు చుట్టం. తమాషా ఏమిటంటే దాని పిల్లకు ఆరు కాళ్లే. ఆ పిల్లలు మిడతలను పట్టుకుని వాటి ఒంటి రసం పీలుస్తూ పెరుగుతాయి. మిడత ఫోటోలో రెక్క మొదట్లో ఎర్రని చుక్కలు కనిపిస్తే అవి మిడత మచ్చలని రాసేయకండి, పెద్దది చేసి చూడండి.

ఊరి పేరు దగ్గర మాత్రం ఒక జాగ్రత్త ఉంది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒకే ఒక్క సాలీడును చూసి, లండన్ మ్యూజియంలోని శాస్త్రవేత్త పోకాక్ 1899లో దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. మెరిసే నీలం రంగు పెద్ద సాలీడు. ఆ తర్వాత వందేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. గుత్తిలో దొరికింది బహుశా కలపతో పాటు రైలెక్కి వచ్చిందే. 2008లో దాన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. అడవి తగ్గిపోవడం ఒక కారణమైతే, ఆ నీలం రంగు కోసం విదేశాల్లో పెంపుడు జీవిగా కొనేవాళ్లుండటం ఇంకో భయం. చెట్టు తొర్ర ఎక్కడుందో ఫోటోతో పాటు బయటపడితే, పట్టుకునేవాడికి దారి చూపినట్టే. మన ఫోన్ తీసే ప్రతి ఫోటోలోనూ, ఆపకపోతే, అక్షాంశ రేఖాంశాలు దాక్కుని ఉంటాయి. ఐనాచురలిస్ట్ లాంటి, జీవుల ఫోటోలు పెట్టే వెబ్‌సైట్లలో ఇలాంటి అరుదైన జీవుల స్థలాన్ని వాళ్లే మరుగుపరచి, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు చదరంలో ఎక్కడో అన్నట్టు చూపిస్తారు. వాట్సాప్ గుంపులో మనం టైపు చేసే "ఫలానా గుడి వెనక చింతచెట్టు" అన్న మాటను ఎవరూ మరుగుపరచరు.

అటవీశాఖ అనుమతితో నల్లమలలో తిరుగుతూ, రాత్రి టార్చి వెలుగులో చెట్టు బెరడు మీద అలాంటి పెద్ద సాలీడు మీకు కనిపిస్తే, చేయి దూరంగా ఉంచండి, దాని కాటు బాగా బాధిస్తుంది. పై నుంచి ఒక ఫోటో, ఆ తర్వాత అది బెదిరి ముందు కాళ్లు ఎత్తితే వాటి కింది వైపు ఒకటి. ఆ ప్రజాతిలో ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా కాళ్ల కింది రంగుల్లోనే ఉంటుంది. ఫోన్‌లో లొకేషన్ ఆపేసి, చోటు దగ్గర "నల్లమల" అని మాత్రం రాయండి.